నీ ఇల్లు అడ్డంగా ఉంది, మస్తానూ

మస్తానూ,

సలాం. నువ్వు పోయి రెండు ఎండాకాలాలు దాటాయి. మూడోది నెత్తి మీదికొచ్చింది. అందరూ ఏడాదుల్లో లెక్కపెడతారు, నేను మాత్రం ఇప్పుడు ఎండాకాలాల్లో లెక్కపెడుతున్నాను. ఎందుకో కాస్త ఓపిక పట్టు, చెప్తాను...

ఉదయగిరి బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. ఆత్మకూరు బస్సు ఇంకా రాలేదు. మన ఎమ్మెల్యే ఈ పూట ఆత్మకూరు బంగళాలో ఉంటాడట, అర్జీలు తీసుకుంటాడట. నా జేబులో ఒక అర్జీ ఉంది. ఒళ్లో వాక్య గ్రంథం ఉంది, కానీ తెరవలేదు. తెరిస్తే ఏ పుట వస్తుందోనని భయం. నవ్వుకో. వరికుంటపాడు నుంచి దుత్తలూరు దాకా ప్రతి పాలెంలోనూ నిలబడి గొంతు చించుకున్న ఏసోబు ఇప్పుడు పుస్తకం తెరవడానికి భయపడుతున్నాడు.

అవును, భయంగానే ఉంది. ఈ మాట ఇంట్లో సుందరమ్మకు చెప్పలేదు. సంఘంలో చెప్పలేదు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా తిన్నగా చెప్పలేదు, ఏవేవో పెద్ద మాటలు చుట్టూ పేర్చి చెప్పాను. నీ దగ్గర మాత్రం ఎప్పుడూ అట్లా పేర్చలేకపోయేవాణ్ణి కదా...

కాలనీ లేచింది మస్తానూ.

నువ్వు చూసింది రాళ్లే. పేదవాళ్లకు ఇళ్లిస్తామని సర్వే వాళ్లు మిట్ట చేలో పాతిన హద్దు రాళ్లు. మీ గరిటెల వీధిలో వాళ్లకీ, మా పాలెంలో వాళ్లకీ కలిపి అరవై ఇళ్లన్నారు. నువ్వు నీ రాయి మీద కూర్చుని, రెండో రాయి మీదికి కాళ్లు చాపబోయి, అందక, "అబ్బో, నా ఇంట్లో నా కాళ్లు పోగా ఇంకా చోటు మిగిలిందిరా ఏసోబూ, ఒక మేకను కూడా చేర్చుకుంటా" అన్నావు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

నీ జనాజా వెనక నడిచి వచ్చిన కొన్నాళ్లకే ఎన్నికలు వచ్చాయి. ఓట్లకు ముందు అడిగిన ప్రతివాడికీ ఇల్లన్నారు. గెలిచాక మాట నిలబెట్టుకోవాలి కదా? నేల మాత్రం అదే నేల. అందుకని రాళ్లు జరిగాయి. అరవై ఇళ్ల చోట నూట ఇరవై లేచాయి. ఎద్దుల బండి తిరగాల్సిన దారి, రెండు బిందెలు ఎదురుపడితే ఒక బిందె వెనక్కి నడవాల్సిన సందు అయింది.

నేను సర్పంచి దగ్గరికి వెళ్లాను. ఆయన అరుగు మీద వేపపుల్ల నములుతూ నా మాటలన్నీ విన్నాడు. విని, "సరే ఏసోబూ. ఎవురి పేరు కొట్టేయమంటావో నువ్వే చెప్పు. మీ పాలెంలోదా, మస్తాను వీధిలోదా? చెప్పు, నీ ఎదురుగానే కొట్టేస్తా" అన్నాడు.

ఏం చెప్పేది? చూరు కింద తల దాచుకునే చోటు లేనివాళ్లు నా వెనకే నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎవరి పేరు చెప్పేది?  నువ్వయితే ఎవరి పేరు చెప్పేవాడివి?

ఇళ్లు ఇచ్చారు. నాకు తూర్పు కొసన, చివరి ఇల్లు. నీ పేరు మీద రావాల్సింది మీ ఇంటామె ఖాదర్‌బీకి ఇచ్చారు, సరిగ్గా నడిమధ్యన. కాలనీ అంతటికీ రెండు పొడుగాటి సందులు. బావి దక్షిణపు సందు పక్కన ఉంది. ఉత్తరపు సందు వాళ్లు బావికి రావడానికి మొదటి ప్లానులో నడుమన ఒక అడ్డదారి వదిలారు. రాళ్లు జరిపినప్పుడు ఆ అడ్డదారిలో ఒక ఇల్లు పట్టించారు. ఆ ఇల్లే నీది.

పట్టా అందుకున్న రోజు ఖాదర్‌బీ లోపలికి వెళ్లి గోడకు చెంప ఆనించి నిలబడింది. "చల్లంగా ఉండాది అన్నా" అంది. చలికాలం అది. నేను ప్రార్థన చేయబోతే, "మీ ప్రార్థన మీరు చేసుకోండి, మా దువా మేం చేసుకుంటాం, రెండూ ఒకే శ్లాబు కిందనే గదా" అని నవ్వింది. నువ్వు పోయాక ఆమె నవ్వు చూడ్డం అదే మొదలు.

ఎండలు ముదిరాక తెలిసింది ఆ శ్లాబు సంగతి. మధ్యాహ్నం లోపల రొట్టెలు కాల్చుకోవచ్చు. జనం ఏం చేస్తారు? కొండ మీద నుంచి బోద గడ్డి కోసుకొచ్చి ఇంటి ముందు పంచలు దించుకున్నారు. ఈ వైపు పంచ చూరు, ఆ వైపు పంచ చూరు సందు మీద ముద్దు పెట్టుకున్నాయి. లోపల నడుస్తుంటే ఆకాశం కనపడదు. ఆ చూర్ల కిందే పొయ్యిలు. కిరసనాయిలు బుడ్లు. మేకలు. మంచాలు. ముసలమ్మలు.

ఇంకోటి... చెప్తే బాధపడతావు. మీ వాళ్లకు పాత వీధిలో గరిటెలు చెక్కుకోవడానికి ఎవరి వాకిలి వాళ్లకు ఉండేది. ఇక్కడ వాకిళ్లు లేవు. మీ అబ్బాయి ఖాజా, మిగతావాళ్లు ఇంట్లోనే కూర్చుని చెక్కుతున్నారు. నార్దీ చెక్క పొట్టు ఒక మూల గుట్టగా ఉంటుంది. పొయ్యి ఇంకో మూల. మధ్యలో ఎంత దూరం? నువ్వు కూర్చుని చెక్కితే నీ మోకాలు తగిలేటంత.



కాబట్టి అర్జీ రాశాను. నువ్వు లేకుండా రాసిన మొదటి అర్జీ.

నువ్వున్నప్పుడు నా అర్జీలన్నీ నీ చేతి కింద నుంచే వెళ్లేవి. నేను రాసుకొచ్చిన నాలుగు పుటల్ని నువ్వు అరపుటకు దించేవాడివి. "అర్జీ కూడా చెక్కలాంటిదేరా. ఎంత తీసేస్తే అంత గరిటె అవుద్ది. నువ్వు మానును మానుగా ఎత్తకపోయి ఆఫీసరు బల్ల మీద పెడితే, ఆయన దాంతో కూర ఎట్ట కలుపుకుంటాడు?" అనేవాడివి. నేను ఉడుక్కునేవాణ్ణి. "ప్రవక్తలు తగ్గించి మాట్లాడలేదు" అనేవాణ్ణి. "ప్రవక్తలకు పోస్టు లేదు గాబట్టి సరిపోయింది" అనేవాడివి.

నేను బడి మొహం చూడని సంగతి నీకు తెలుసు. గోడలు పెట్టే కూలికి పోతూ, వాక్య గ్రంథం మీదే అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. మాట్లాడ్డానికి నాకు అమ్మ నేర్పిన తెలుగు ఉంది, రాయడానికి మాత్రం ఆ ఒక్క తెలుగే ఉంది. కలం పట్టుకుంటే చెయ్యి దానంతట అదే ప్రవక్తల దారి పడుతుంది.

ఎమ్మెల్యే గారికి ఏం రాశానో తెలుసా?

"ఓ అధికారీ, ఆలకించుము. నీ జనుల గుడారములు ఒకదానినొకటి ఒరసికొనుచున్నవి. ఎండినదాని ప్రక్కన ఎండినది ఉన్నది. అగ్ని దిగివచ్చును. అది వీధి వెంబడి నడుచును. ఆ దినమున నీవు ఏ కొండ చాటున దాగుదువు?"

ఇట్లా మూడు పుటలు. సందు ఎంత వెడల్పో రాయలేదు. బావి ఎక్కడుందో రాయలేదు. అడ్డదారి మూసేశారని రాయలేదు. ఏం చేయమంటున్నానో కూడా రాయలేదు! పోస్టులో వేసే ముందు ఆదివారం కూటంలో చదివి వినిపించాను. అందరూ ఆమెన్ అన్నారు. ఒక అవ్వ కళ్లు తుడుచుకుంది. నా ఛాతీ ఇంత పొంగింది.

నువ్వుంటే ఏమనేవాడివి? "చదివేటోడు నీ సంఘంలో మెంబరు కాదురా" అనేవాడివి.

జవాబు రాలేదు. మంట వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. కొండ వైపు నుంచి గాలి. ఉత్తరపు సందులో, పడమటి కొసన ఒక పంచ కింద ఎవరో గంజి వార్చుకుంటూ పొయ్యిలో కట్టె వెనక్కి లాగారు. అంతే. పంచ చూరు అంటుకుంది. ఒక చూరు నుంచి పక్క చూరుకు అది దూకలేదు మస్తానూ, దూకాల్సిన అవసరం లేకపోయింది. మనిషి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచినట్టు నడిచింది.

నేను బావి దగ్గర ఉన్నాను. చేతిలో నిండు బిందె. ఆడవాళ్ల కేకలు వినపడుతున్నాయి, పొగ కనపడుతోంది, ఆ పొగకూ నాకూ నడుమ నీ ఇల్లు ఉంది. చుట్టు తిరిగి పరిగెత్తిన వాళ్లు సందులో ఎదురొచ్చే వాళ్లతో ఇరుక్కున్నారు. మంచాలు లాక్కొచ్చేవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు, లోపలికి వెళ్లాలని చూసేవాళ్లు... అటు నుంచి ఒక్క బిందె లోపలికి పోలేదు.

అప్పుడు ఖాదర్‌బీ చేసిన పని చెప్తాను విను. తలుపు బార్లా తీసి, "ఇటు రాండ్రా, ఇటు!" అని అరిచింది. మీ ఖాజా ఇంటి వెనక కిటికీ చట్రాన్ని గునపంతో ఊడబెరికాడు. ఖాదర్‌బీ కొంగు బిగించి, పొయ్యి గట్టెక్కి నిలబడింది. బావి వైపు నుంచి బిందె నీ గుమ్మంలోకి, గుమ్మంలోంచి ఆమె చేతికి, ఆమె చేతిలోంచి కిటికీ అవతలికి. నీ ఇంట్లోంచే నీళ్లు నడిచాయి. పొట్టు గోతాన్ని మీ కోడలు రొమ్ముకు హత్తుకుని బయటికి పరిగెత్తడం చూశాను. ఒక్క నిప్పురవ్వ దాని మీద పడి ఉంటే?... ఆ ఆలోచన ఇప్పటికీ పూర్తిచేయలేను.

తడి గోతాలు కప్పి, ముందు పంచలు లాగి పడేసి, మొత్తానికి ఆర్పారు. మూడు పంచలు పోయాయి. నాగమ్మ అనే ముసలామెకు చెయ్యి కాలింది. ప్రాణం పోలేదు. దేవునికి స్తోత్రం, అల్లాకు షుక్రియా, రెండూ చెప్పాను.

నేనేం చేశానో చెప్పలేదు కదూ? నిలబడిపోయాను. బిందె పట్టుకుని, బావి దగ్గరే.  పెదవులు మాత్రం ఆడుతూ ఉన్నాయి. ప్రభువా, ప్రభువా అంటున్నాను, అంతకంటే ఒక్క మాట రాలేదు. ఎవరో వచ్చి నా చేతిలో బిందె లాక్కుపోయారు.

ఆ పెదవులు ఆడడం జనం చూశారు.

సాయంత్రానికి కాలనీ అంతా ఒకటే మాట. పాస్టరు మంట దిగొస్తుందని కాగితం రాసినాడు, దిగొచ్చింది. బిందె పట్టుకుని మంత్రం చదివినాడు, నీళ్లు పొయ్యలేదు. నాగమ్మ కోడలు నా ఎదురుగానే నిలబడి, "అది నోరా, కొరివా?" అని అడిగింది. నేను బాప్తిస్మం ఇచ్చిన కుర్రవాడొకడు, "పాస్టరయ్యా, ఈ ఆదివారం వాన గురించి రాయండి, పుణ్యముంటాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఏడ్చేవాణ్ణి.

తర్వాత స్టేషనుకు పిలిచారు. నా అర్జీ అక్కడిదాకా ఎట్లా వచ్చిందో! హెడ్డు కానిస్టేబులు నా అక్షరాలను వేలితో తడుముతూ పైకి చదివాడు. "అగ్ని దిగివచ్చును. ఊఁ. ఎన్ని గంటలకు దిగొస్తాదో గూడా రాసుంటే మేం ఫైరింజనుకు ఫోను చేసుకునేవాళ్లం గదయ్యా" అన్నాడు. గది అంతా నవ్వు. నవ్వు ఆగాక, కాగితం మడిచి, నెమ్మదిగా అన్నాడు... "నీకు ముందే ఎట్ట తెలిసింది? ఇంకోసారి ఆడ పొగ లేచిందంటే ముందు నీ ఇంటికే వస్తాం. పో."

ఆ నెమ్మదిగా అన్న మాటే నా నిద్ర తీసుకెళ్లిపోయింది.

ఆలోచించు మస్తానూ. మళ్లీ అంటుకోకుండా ఉంటుందా? అవే చూర్లు. లాగి పడేసిన పంచలు పది రోజుల్లో మళ్లీ లేచాయి. తప్పని ఎట్లా అంటాను, ఎండ అట్లా ఉంది. అదే పొట్టు, అదే పొయ్యి. ఎవరింటి ముందైనా ఆగి, "అమ్మా, ఆ బుడ్డి కాస్త దూరం పెట్టుకో" అంటే, ఆ ఇంటికి నేను ముహూర్తం పెట్టినట్టే చూస్తారు. పిల్లల్ని లోపలికి లాక్కుంటారు. చెప్తే నేను కొరివి. చెప్పకపోతే ఏదో ఒక మధ్యాహ్నం ఎవరింట్లోనో ఉయ్యాల్లో బిడ్డ...

కర్మెలు కొండ మీద అగ్నిని పిలిచిన ప్రవక్త గురించి గంటల తరబడి చెప్పేవాణ్ణి, నీకు తెలుసు. నరకాగ్ని గురించి చెప్తే ముందు వరసలో కూర్చున్నవాళ్లు వెనక్కి జరిగేవాళ్లు. ఇప్పుడు కూటంలో ఆ మాట నోటిదాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. పోయిన ఆదివారం కానా ఊరి పెళ్లి గురించి చెప్పి దిగిపోయాను. నీళ్లు ద్రాక్షారసం కావడం గురించి. అదొక్కటే భయం లేకుండా చెప్పగలిగాను.

ఇళ్ల పని చూసిన ఓవర్సీరు ఒకరోజు శ్లాబు పగుళ్లు చూడడానికి వచ్చాడు. కుర్రవాడే, మంచివాడే. అడ్డదారి సంగతి అడిగాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నడిమి ఇల్లు ఒక్కటి తీసేస్తే రెండు సందులూ కలుస్తాయయ్యా. మంట వచ్చినా మనుషులు బయటపడతారు, నీళ్లు లోపలికి పోతాయి. కానీ కట్టిన ఇల్లు పగలగొట్టమని నేను రాస్తే నా ఉద్యోగం పోతాది. కాలనీ వాళ్లు అడగాల, ఎమ్మెల్యే సరేననాల" అన్నాడు.

నడిమి ఇల్లు.

విన్నాను, విననట్టు ఇంటికి వచ్చాను. సుందరమ్మ అన్నం పెట్టింది, తిన్నాను, ఏం తిన్నానో తెలియదు. నీ భార్య చెంప ఆనించిన గోడను పగలగొట్టమని నేను అర్జీ పెట్టాలా? నువ్వు రాయి మీద కూర్చుని కలగన్న ఇల్లు కదా అది? ఒక వారం దేవునితో పోట్లాడాను. ఇంకెవరి ఇల్లయినా అక్కడ పెట్టి ఉండకూడదా అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. ఇంకెవరిదైతే నాకు సులువా?

చివరికి ఒక దారి తోచింది. నా ఇల్లు కొసన ఉంది, అది ఎవరికీ అడ్డం లేదు. దాన్ని ఖాదర్‌బీ పేరు మీద మార్పిస్తే, నేనూ సుందరమ్మా పాలెంలో ప్రార్థన పాక పక్కనున్న పాత గుడిసెకు పోతే...

సుందరమ్మతో ముందు చెప్పాను. ఆమె చాట కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "ఇంతకాలం నీ దేవుడు నీ నోరు మాత్రమే అడిగినాడనుకున్నా. నా పొయ్యి గూడా అడిగినాడా?" అంది.  నాలుగో రోజు పాత గుడిసె చూరు సర్దడానికి మనిషిని పిలిచింది. సరేనన్నట్టా, కోపమా? నేను అడగలేదు.

ఆ తర్వాత నీ ఇంటికి వెళ్లాను. ఖాదర్‌బీ గుమ్మంలో కూర్చుని గరిటెలకు గరుకు కాగితం పడుతోంది. నేను చెప్పడం మొదలుపెట్టి, వాక్యంలోకి జారిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి, మొత్తానికి చెప్పాను. ఆమె పని ఆపలేదు. 

"అన్నా" అంది చివరికి. "ఈ గోడలంటే నాకు పానం. దాచేదేముంది? ఆయనకు లేని ఇల్లు నాకు దొరికింది. కానీ ఆ రోజు పొయ్యి గట్టు మీద నిలబడినప్పుడే తెలిసింది నాకు, ఇది ఇల్లు గాదు, దారి అని. మీరు చెప్పాల్సిన పనిలేదు."

నేను లేవబోయాను.

ఆమె మాత్రం నన్ను వదల్లేదు. గరిటె నా వైపు చూపించి, "కానీ ఒకటి ఇనండి. ముందు కాగితం, తర్వాత గునపం. మీ ఇల్లు నా పేరున మారి, పట్టా నా చేతిలో పడాల. ఆ తర్వాతే నా గోడ మీద దెబ్బ పడాల. ముందు గోడ పడగొట్టి, కాగితం రేపిస్తాం ఎల్లుండిస్తాం అన్నారంటే నేను కొడుకునూ కోడల్నీ ఏసుకుని ఎక్కడికి పోయేది? మీకు ప్రసంగాలొచ్చు. ఇది చెప్పడం వస్తాదా?" అని అడిగింది.

వస్తుందా మస్తానూ?

ఆ రాత్రే కాగితం ముందు కూర్చున్నాను, ఒక్క వాక్యం పడలేదు. పొద్దున మళ్లీ కూర్చున్నాను. కలం పట్టుకోగానే ఓ అధికారీ అని చెయ్యి లేచింది. కొట్టేశాను. మళ్లీ లేచింది. మళ్లీ కొట్టేశాను. గొర్రెలు కాచుకుంటూ ఉన్న ప్రవక్తను దేవుడు రాజు దగ్గరికి పొమ్మంటే, నాకు నత్తి అన్నాడే, ఆయన బాధ నాకు ఇన్నేళ్లకు అర్థమైంది. ఎన్నిసార్లు ఆయన మీద ప్రసంగం చేశాను! ఆయన ఎంత భయపడి ఉంటాడో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆఖరికి నువ్వు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నావనుకున్నాను. నీతో మాట్లాడినట్టు రాశాను.

"అయ్యా, మా కాలనీలో సందులు ఇరుకు. చూర్లు కలిసిపోయినాయి. పోయిన నెల మంట వస్తే బావి నుంచి నీళ్లు పోవడానికి దారి లేక, ఒక ఇంట్లోంచి పోసినాము. ఆ ఇల్లు తీసేసి దారి ఇవ్వండి. ఆ ఇంటామెకు నా ఇల్లు ఇవ్వండి. ముందు ఆమెకు పట్టా ఇచ్చి, తర్వాత ఇల్లు తీయండి. నా ఇల్లు నేను ఇష్టపడి ఇస్తున్నాను."

అంతే. ఒక్క ప్రవక్త లేడు. చదివితే ఎవరో చదువురాని కూలి రాసినట్టుంది. నేను అదే కదా...

కింద నా సంతకం. పక్కన ఖాదర్‌బీ వేలిముద్ర. మూడోది సుందరమ్మది. ఎప్పుడు వేసిందో తెలుసా? నేను కాగితం ఆరబెట్టి స్నానానికి వెళ్లి వచ్చేలోపు. బొటనవేలికి పొయ్యి మసి పూసుకుని వేసింది. ఇంక ఎవరూ వేయలేదు. ఎవరినీ అడగలేదు. కొరివి చేతిలోని కాగితం ఎవరు ముట్టుకుంటారు?

బస్సు కోసం కూర్చున్నాను గాని, దృష్టంతా కాలనీ వైపే ఉంది. ఇక్కడి నుంచి ఇళ్లు కనపడవు, పైన ఆకాశం కనపడుతుంది. వంట పొగలు లేస్తున్నాయి. ప్రతి పొగనూ చూస్తున్నాను. సన్నగా ఉందా, తెల్లగా ఉందా, చీలుతోందా... నేను ఆత్మకూరులో ఉన్నప్పుడు అది నల్లబడితే? ఊళ్లో లేకుండా పోయి మరీ చేయించాడంటారు. ఊళ్లో ఉంటే నేనే చేశానంటారు.

ఇంకా పెద్ద భయం చెప్పనా? ఎమ్మెల్యే కాదంటాడని కాదు. సరేనంటాడని. సరే ఏసోబూ, రేపే మనుషుల్ని పంపిస్తా అని, నా భుజం తట్టి, కాగితం పక్కవాడి చేతికి ఇచ్చేస్తాడని. పగలగొట్టేవాళ్లు మర్నాడే వస్తారు. పట్టా రాసేవాళ్లు ఎప్పుడొస్తారు? ఆయన చుట్టూ ఉన్నవాళ్లు, శాపాల పాస్టరు వచ్చినాడని నవ్వుతారు. నవ్వితే నాకు కోపం వస్తుంది. కోపం వస్తే నా నోరు మళ్లీ ఆ పాత దారి పడుతుంది. మళ్లీ ఆలకించుము అని మొదలుపెడితే? అంతా పోతుంది. నీ వాళ్ల నీడ పోతుంది.



నువ్వు పోయే ముందు ఆసుపత్రిలో నేను నీ మంచం పక్కన గట్టిగా ప్రార్థన చేస్తుంటే, "నెమ్మదిగా అడగరా, పక్క మంచం ఆయన నిద్రపోతున్నాడు. దేవుడు చెవిటోడు గాడు" అన్నావు. ఈ పూట ఆ బంగళాలో నెమ్మదిగానే అడుగుతాను. వస్తుందో రాదో తెలియదు. నెమ్మదిగా అడగడం నాకు కొత్త.

బస్సు వచ్చింది మస్తానూ. కండక్టరు ఆత్మకూరు, ఆత్మకూరు అని కేకలేస్తున్నాడు. లేవాలి.

ఆయన కాదంటే, కాదన్నాడనే ఖాదర్‌బీకి చెప్తాను. చూద్దామంటే, చూద్దామన్నాడనే చెప్తాను. ఓదార్పు కోసం ఒక్క మాట కలపను, వాక్యం అడ్డుపెట్టుకుని తప్పించుకోను. పట్టా ఆమె చేతిలో పడకముందే ఎవరైనా గునపాలు పట్టుకొస్తే, నీ గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను. ధైర్యం ఉందని కాదు. వణుకుతూనే పడుకుంటాను.

వెళ్తున్నాను.

నీ
ఏసోబు